ఎడమచేతి చూపుడువేలు

పోలింగ్ రోజు సాయంత్రానికల్లా వాట్సాప్ స్టేటస్‌ల నిండా వేళ్ళే. సిరా గీత పడ్డ ఎడమచేతి చూపుడువేళ్ళు. కొన్ని నెయిల్ పాలిష్‌తో, కొన్ని ముడతలతో, వెనకాల మసగ్గా నవ్వుముఖాలు. నేనూ ఓటేస్తాను గానీ వేలి ఫొటో పెట్టను. ఎందుకు పెట్టవని ఆఫీసులో పిల్లలు అడుగుతారు. "మన దగ్గరున్న వెండిని ఊరందరికీ చూపించుకోవడం ఎందుకులే" అని ఏదో జోకేసి తప్పించుకుంటాను.

జోకే గానీ అబద్ధం కాదు. ఆ సిరాలో పని చేసేది సిల్వర్ నైట్రేట్. వెండిని నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి, ఆవిరి చేస్తే మిగిలే తెల్లటి పలుకులు. చూడ్డానికి పటికబెల్లం చిదిపి పోసినట్టుంటాయి. నూరు గ్రాములు తూచి పెడితే అందులో అరవై మూడున్నర గ్రాములు వెండే. నీళ్ళల్లో ఎంత ఇష్టంగా కరుగుతుందంటే, నూరు గ్రాముల నీళ్ళు తమ బరువుకి రెట్టింపు పైగా మింగేసి కూడా తేటగానే ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు. గ్లాసులో పోసి పక్కన మంచినీళ్ళు పెడితే ఏది ఏదో చెప్పలేం. నాకు దీనితో భయం మొదలైంది సరిగ్గా అక్కడే.

నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తాను. రోజుకి ఒక్కసారైనా గోధుమరంగు సీసా మూత తీస్తాను. మందుల్లో క్లోరైడ్ ఎంతుందో తేల్చడానికి దీన్ని మించింది లేదు. వెండికీ క్లోరైడ్‌కీ మధ్య ఆకర్షణ అలాంటిది, ఎదురుపడితే చాలు తెల్లటి పెరుగు ముక్కల్లా కలిసి కిందికి దిగిపోతాయి. ఇప్పుడు మా దగ్గర ఆ పని మిషను చేస్తుంది. ఎలక్ట్రోడ్ ముంచి బటన్ నొక్కితే గ్రాఫు గీసిస్తుంది. చేతికి గ్లోవ్స్, కళ్ళకి అద్దాలు, ఒంటికి కోటు. ఈ పదకొండేళ్ళ ఉద్యోగంలో నా వేలికి ఒక్క మచ్చ పడలేదు, ఓటేసినప్పుడు తప్ప.

2009లో అలా లేదు. అప్పుడు కాకినాడలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. బ్యూరెట్లూ పిపెట్లూ, పిపెట్‌లోకి నోటితో పీల్చడాలూ. మా ల్యాబ్ అటెండర్‌ని అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన వేళ్ళు ఎప్పుడు చూసినా ఏదో ఒక మూల నల్లగా, గోళ్ళ చివర గోధుమరంగు దిగి ఉండేవి. కొత్తగా చేరిన జూనియర్లు ఆయనకి ఏదో చర్మరోగం అనుకుని టీ గ్లాసు ఆయన చేతి నుంచి తీసుకోవడానికి జంకేవాళ్ళు. మేం చెప్పేవాళ్ళం కాదు. కొన్నాళ్ళకి వాళ్ళ వేళ్ళూ నల్లబడతాయి, వాళ్ళకే తెలుస్తుంది కదా అని మా సరదా.

ఆ నలుపు గురించి చాలామంది పొరబడతారు. సిరాలాగా రంగు అంటుకోవడం అనుకుంటారు. పొడిగా, శుభ్రంగా ఉన్న సిల్వర్ నైట్రేట్‌ని వెలుగులో పెట్టినా అంత తొందరగా ఏమీ కాదు. దానికి తోడు కావాలి. కాసింత దుమ్మో, కాగితపు పీచో, చెమటో, చర్మమో. చర్మం మీద పడగానే చెమటలోని ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది, కొంత చర్మంలోని ప్రోటీన్లని పట్టుకుంటుంది. అప్పటికీ ఏం కనిపించదు. నొప్పి లేదు, మంట లేదు, పలచటి ద్రావణమైతే చురుక్కుమని కూడా అనదు. తరవాత వెలుగు తగిలి, గంటల మీద, ఆ ఉప్పు విరిగి వెండి బయటపడుతుంది. కంటికి కనిపించనంత సన్నటి రేణువులు, నల్లగా. మెరవని వెండి. సబ్బుతో తోమితే పోదు, ఎందుకంటే అది చర్మం మీద లేదు, చర్మంలో ఉంది. ఆ పై పొర రాలిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. గోరు మీద పడితే గోరు పెరిగి, కత్తిరించుకునేదాకా నెలల తరబడి ఉంటుంది.

ఇది వేడి పని కాదు, వెలుగు పని అని తేల్చింది షుల్జె అనే జర్మన్ ప్రొఫెసరు, 1717లో. వెండి కలిసిన నైట్రిక్ ఆసిడ్‌లో సుద్దపొడి వేసి పెట్టుకున్నాడు. సీసా ఎండవైపు నల్లబడింది, నీడవైపు తెల్లగానే ఉంది. ఆయన కాగితంలో అక్షరాలు కత్తిరించి ఆ సీసాకి చుట్టాడు. కాసేపటికి కాగితం తీస్తే లోపల తెల్లటి సుద్ద మీద అక్షరాలు నల్లగా రాసి ఉన్నాయి. సీసా కదిపితే చెరిగిపోయాయి. ఫొటోగ్రఫీ పుట్టడానికి ఇంకా నూరేళ్ళ పైనే ఉంది. మన ఆరో నిజాం దర్బారులో లాలా దీన్‌దయాళ్ తీసిన ఫొటోల్లో ఆ గోధుమవన్నె మెత్తదనం ఉంటుందే, అదీ ఇదే. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని సిల్వర్ నైట్రేట్‌లో తడిపి, ఆరబెట్టి, నెగటివ్ కింద పెట్టి ఎండలో ఉంచేవాళ్ళు. ఆ కాలపు ఫొటోగ్రాఫర్లందరికీ నల్ల వేళ్ళే. ఆ మచ్చలు పోగొట్టుకోవడానికి కొందరు పొటాషియం సయనైడ్ ముక్కతో చేతులు రుద్దుకునేవాళ్ళట. మచ్చ పోయేది. ఒక్కోసారి మనిషి కూడా.

మా బాబాయ్‌కి ఈ చరిత్ర ఏదీ తెలియదు. పదో తరగతి తప్పాడు. కానీ ల్యాబులో ఆయనకి తెలిసినంత జాగ్రత్త మా లెక్చరర్లలో సగం మందికి లేదు. టాలెన్స్ పరీక్ష చేసిన రోజు ఆయన సాయంత్రం ఇంటికి వెళ్ళేవాడు కాదు. సిల్వర్ నైట్రేట్‌లో అమ్మోనియా కలిపి, గ్లూకోజ్ వేసి వేడినీళ్ళలో పెడితే పరీక్షనాళిక లోపల అద్దం కడుతుంది. పాతికమంది పాతిక అద్దాలు చేసి, ముఖాలు చూసుకుని, వదిలేసి పోతాం. బాబాయ్ ఒక్కొక్కటీ పలచటి ఆసిడ్ పోసి కడిగేవాడు, కలిపి వాడకుండా మిగిలిన ద్రావణాన్ని కూడా పారబోయించేవాడు. "ఇయ్యాల్టి అద్దం ఇయ్యాలే కడగాలమ్మా. రేపటికుంచితే పేలుద్ది" అనేవాడు. నిజమే. ఆ ద్రావణం నిలవుంటే అడుగున నల్లటి పొడి దిగుతుంది. ఆరితే చిన్న కదలికకే పేలిపోయే రకం. మా పుస్తకంలో ఆ వాక్యం పేజీ కింద చిన్నక్షరాల్లో ఉండేది, మేమెవ్వరం చదవలేదు.

కాకినాడలో బోరు వేస్తే ఉప్పు. అందుకని మా సార్ ఒక మంచి పని పెట్టారు. ఎవరింటి నీళ్ళు వాళ్ళు సీసాలో తెచ్చుకుని క్లోరైడ్ ఎంతుందో కట్టాలి. మోర్ పద్ధతి. కోనికల్ ఫ్లాస్కులో నీళ్ళు, రెండు చుక్కల పొటాషియం క్రోమేట్, పసుపుపచ్చగా. పైన బ్యూరెట్‌లోంచి సిల్వర్ నైట్రేట్ ఒక్కో చుక్కా పడుతుంటే తెల్లగా విరుగుతూ, చుక్క పడ్డ చోట ఇటుకరంగు మెరిసి మాయమవుతూ ఉంటుంది. ఒక చుక్క దగ్గర ఆ ఇటుకరంగు ఇంక పోదు. క్లోరైడ్ అయిపోయిందని అర్థం. తాగే నీళ్ళల్లో లీటరుకి 250 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మా బోరుది దానికి మూడింతలు దాటింది. అమ్మ ఏళ్ళ తరబడి "మన నీళ్ళకి పప్పు ఉడకదే" అని మొత్తుకున్నదాన్ని అంకెల్లో చూసి భలే ముచ్చటేసింది. (పప్పు ఉడకనిది క్లోరైడ్ వల్ల కాదు, కాల్షియం వల్ల. అది తరవాతి వారం ప్రాక్టికల్.)

ఆ ముచ్చటలోనే రెండోసారి చేసి చూద్దామనుకున్నాను. ముందు బ్యూరెట్ డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగాను. కుళాయి నీళ్ళతో కడిగితే అందులో ఉప్పుకి అదే తెల్లగా విరిగిపోతుంది, లెక్క తప్పుతుంది. తరవాత సిల్వర్ నైట్రేట్ ఉన్న స్టాండర్డ్ ఫ్లాస్కు ఎత్తబోయి మోచేత్తో తగిలించాను. 250 మిల్లీలీటర్లు. తూచి పోసింది నాలుగుంపావు గ్రాములు. తెల్ల టైల్స్ బల్ల మీద నీళ్ళలా పారింది, నీళ్ళలాగే కనబడింది.

సిల్వర్ నైట్రేట్‌ని మా కాలేజీలో బీరువాలో తాళం వేసి పెట్టేవాళ్ళు. తూకం సార్ ఎదురుగానే. గ్లోవ్స్ కూడా అదే బీరువాలో అదే తాళం కింద, పరీక్షలకి ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు తీసేవాళ్ళు. ఇంత ఒలికిందని తెలిస్తే తిట్లే కాదు, సొమ్ము కట్టమంటారు. నేను కొయ్యబారిపోయి చూస్తుంటే బాబాయ్ వచ్చాడు. మాట్లాడలేదు. భుజం మీది గుడ్డ తీసి బల్లంతా అద్దాడు, బీకరులోకి పిండాడు, మళ్ళీ అద్దాడు, మళ్ళీ పిండాడు. వెండి వృథా పోకూడదని దానికో వేస్టు సీసా ఉండేది, ఉప్పునీళ్ళు పోసి ఉంచేవాళ్ళు, వెండి క్లోరైడ్‌గా అడుగున చేరుతుంది. బీకరు అందులో వంపాడు. మొత్తం రెండు నిమిషాలు. ఒట్టి చేతులు. సార్ పక్క గదిలోంచి వచ్చేసరికి బల్ల పొడిగా ఉంది.

చేతులు కడుక్కోమని నేను చెప్పలేదు.

అది నాకు తెలియక కాదు. వెంటనే బోలెడు నీళ్ళతో కడిగి, ఆపైన ఉప్పునీళ్ళతో కడిగితే చాలావరకు పోతుందని, ఆలస్యమైతే ఏం చేసినా పోదని నాకు బాగా తెలుసు. రెండు నెలల ముందే నా వేళ్ళు నల్లబడి, అమ్మ పెళ్ళిచూపులు వాయిదా వేయించింది. కానీ సార్ అక్కడే ఉన్నారు. నోరు విప్పితే ఒలికిన సంగతి బయటపడుతుంది. ఆయన గుమ్మం దాటి ఎండలోకి, సైకిలు స్టాండు వైపు వెళ్ళడం కిటికీలోంచి చూశాను. సాయంత్రం నాలుగింటి ఏప్రిల్ ఎండ. హ్యాండిల్ మీద రెండు చేతులూ.

మర్నాటి నుంచి ఎన్నికలకని కాలేజీకి సెలవు. ఆ మర్నాడు పోలింగ్. నాకది మొదటి ఓటు. నాన్న స్కూటరు మీద తీసుకెళ్ళారు. వేలు చాపితే పుల్లతో గోరు మీంచి కింది కణుపుదాకా గీత గీశారు. ముందు వంకాయరంగు, ఎండలోకి వచ్చాక ముదురుతూ, సాయంత్రానికి నలుపు. నాకు తెలిసిన రసాయనం ప్రభుత్వం వారి చేతుల మీదుగా నా వేలి మీద పని చేస్తుంటే చూస్తూ కూచున్నాను. మన దేశంలో 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి ఇదే సిరా, తయారుచేసేది మైసూరులో కర్ణాటక ప్రభుత్వ కంపెనీ. పాళ్ళు రహస్యం. మా ల్యాబు ద్రావణం కన్నా చాలా చిక్కన అని మాత్రం మచ్చ చూసి చెప్పొచ్చు.

సెలవులయ్యాక ల్యాబుకి వెళ్తే బాబాయ్ రెండు చేతులూ నల్లగా ఉన్నాయి. పది వేళ్ళూ, అరచేతుల్లో గీతల్తో సహా. సార్ "ఓటేశావా?" అని అడిగితే నవ్వుతూ చెప్పాడు. "ఎక్కడండీ, వెయ్యనిచ్చారా! నా వేలు చూసి ఏజెంట్లు గోల పెట్టేశారండి. ఒకసారి వేసేసినోడు మళ్ళీ వచ్చాడని. నేను రెండు చేతులూ చూపించానండి. పది ఓట్లు వేశావా అని నవ్వారండి. కాలేజీ మందండీ అంటే కాగితం తెమ్మన్నారు. సెలవు కదండీ, కాగితం ఎవరిత్తారు." లిస్టులో ఆయన పేరు ఎదురుగా టిక్కు లేదు. అయినా ఆఫీసరు వేలు చూసి పొమ్మన్నాడు. వెనక క్యూలో వాళ్ళ పేటవాళ్ళే. ఇరవై ఏళ్ళుగా ఒక్క ఓటూ మానలేదట. సార్ కూడా నవ్వారు. ఆ నవ్వులోనే అందరూ కలిశారు. నేను నా ఎడమచెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాను.

చాలా ఏళ్ళ తరవాత ఆ నియమం వెతికి చదివాను. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49కె. ఓటరు ఎడమచేతి చూపుడువేలు పరిశీలించాలి. అలాంటి గుర్తు అప్పటికే ఉంటే ఓటు వెయ్యనివ్వకూడదు. 'అలాంటి గుర్తు' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. రెండింట్లోనూ ఉన్నది వెండే, రెంటినీ నలుపు చేసింది అదే ఎండ. అలాంటి గుర్తు కాదని ఎవరు చెప్పగలరు, ఒక్క కెమిస్టు తప్ప. ఎడమ చూపుడువేలు లేనివాళ్ళకి ఏ వేలి మీద గుర్తు పెట్టాలో, ఆ వేళ్ళన్నీ లేకపోతే ఏం చెయ్యాలో కూడా వరసగా రాసి పెట్టారు. వేళ్ళన్నీ ఉండి, అన్నీ నల్లబడ్డ మనిషి గురించి మాత్రం రాయలేదు.

ఉద్యోగంలో చేరాక నేను కొంచెం చాదస్తురాలినయ్యాను. సిల్వర్ నైట్రేట్ దగ్గర గాగుల్స్ లేకుండా నిలబడితే ఊరుకోను. వేలి మచ్చ మూడు వారాల్లో పోతుంది, చిక్కటి ద్రావణం కంట్లో పడితే చూపే పోవచ్చు. పడితే తడుముకోకుండా కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగి, అప్పుడు ఆసుపత్రికి. ఆల్కహాల్ ఉన్న అరలో దీన్ని పెట్టనివ్వను, సింకులో పొయ్యనివ్వను. కాలవలో చేపలకి వెండి విషం. మాకు పాఠాల్లో చెప్పనిది ఇంకోటుంది. ఇదే మందు 1880ల నుంచి పసిపిల్లల కళ్ళని కాపాడింది. తల్లి నుంచి అంటుకునే గనేరియాకి పుట్టగానే చూపు పోతుంటే, లైప్‌జిగ్‌లో క్రెడె అనే డాక్టరు రెండు శాతం ద్రావణం ఒక్కో చుక్క వేసి ఆపాడు. మా వాడు పుట్టిన మూడు వారాలకి బొడ్డులో పచ్చికండ మానకపోతే పిల్లల డాక్టరమ్మ అగ్గిపుల్లలాంటిది తీసింది. చివర బూడిదరంగు. నేను చూసిన వెంటనే "చుట్టూ చర్మానికి తగలనివ్వకండి" అని అరిచాను. ఆవిడ "కెమిస్ట్రీనా?" అని నవ్వి, తగలనివ్వకుండానే అద్దింది. వాడు ఏడవలేదు. కండ తెల్లబడి, తరవాత నల్లబడి, వారానికి ఊడిపోయింది. ఆ వారమంతా గుడ్డ మార్చినప్పుడల్లా నాకు బాబాయ్ అరచేతులు కనబడ్డాయి.

2024 జులైలో అమ్మని చూడ్డానికి కాకినాడ వెళ్ళినప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. రిటైరై మూడేళ్ళయింది. అరుగు మీద మనవరాలికి ఎక్కాలు చెప్పిస్తున్నాడు. చేతులు శుభ్రంగా, ఎవరివో చేతుల్లా ఉన్నాయి. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. నాక్కాదు, ఆయనకి. టీ తాగాక చెప్పాను. ఆ రోజు చేతులు కడుక్కోమని చెప్పాల్సింది, తెలిసీ చెప్పలేదు, సార్‌కి భయపడ్డాను అని. పదిహేనేళ్ళు లోపల పెట్టుకున్నది కదా, గొంతు కాస్త వణికింది.

ఆయన వింతగా చూశాడు.

"నువ్వు చెప్పేదేంటమ్మా, నాకు తెలీదా? ఇరవై ఏళ్ళు దాంతోనే కదా. ఆ పూట కుళాయి రాలేదు. మధ్యాన్నం నుంచి ట్యాంకులో నీళ్ళు లేవు, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. అసలు నాకు తెలియనే తెలియదు. నా బల్ల మీద డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఉంది. అది నిండుగానే ఉంది. అందులోంచే బ్యూరెట్ మూడుసార్లు కడిగాను.

"క్యాన్‌లో ఉన్నాయిగా బాబాయ్" అన్నాను.

"అవి మీ ప్రాక్టికల్‌వి కదమ్మా" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. ఆ నీళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి స్టవ్వు దగ్గర కూచుని బట్టీపట్టి దింపేది ఆయనే.

తరవాత మాట మార్చి మా వాడి సంగతి అడిగాడు, ఫొటో చూపించమన్నాడు. ఫోన్ అందుకుంటూ ఎడమచెయ్యి చాపాడు. మే నెలలో పోలింగ్. చర్మం మీది గీత ఎప్పుడో పోయింది గానీ, చూపుడువేలి గోరు చివర సగానికి నలుపు ఇంకా ఉంది, కింద కొత్త గోరు తెల్లగా తోసుకొస్తోంది. నేను చూడటం చూసి, బొటనవేలితో ఒకసారి దాన్ని రుద్దాడు.

"ఈసారి పొద్దున్నే ఏడింటికే ఎళ్ళిపోయానమ్మా. మా బూత్‌లో మూడో ఓటు నాదే."